రెండు బస్తాల లెక్క: ఒక అమ్మాయిల హాస్టల్ మెస్‌లో అన్నం వృథా ఎలా తగ్గింది

కృష్ణా డెల్టాలో ఒక కాలేజీ అమ్మాయిల హాస్టల్. రిజిస్టర్‌లో 412 మంది. మెస్ డివైడింగ్ పద్ధతిలో నడుస్తుంది. అంటే నెలాఖరున బియ్యం, కూరగాయలు, పాలు, గ్యాస్, వంటవాళ్ళ జీతాలు అన్నీ కూడి తలకింత అని పంచేస్తారు. నేను ఆహార నిపుణురాలిని. హాస్టళ్ళకి, క్యాంటీన్లకి మెనూలు వేసి ఇవ్వడం, వంటింటి లెక్కలు సరిచేయడం నా పని.

గత ఏడాది ఆగస్టులో అక్కడి వార్డెన్ మేడమ్ ఫోన్ చేశారు. మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చిందట. అప్పట్లో అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం సగటున రోజుకి 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోటు ఏదైనా ‘బల్క్ జనరేటర్’ కింద లెక్క. తడి చెత్తని వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలి. “కంపోస్ట్ గొయ్యి ఎంత పెద్దది తవ్వించాలో చెప్పండి చాలు” అన్నారు మేడమ్.

గొయ్యి కొలతలు చెప్పాలంటే అందులో పడేది ఎంతో తెలియాలి. అందుకని ముందు వారం రోజులు తూకం వేద్దామన్నాను. ఆ వారం గడిచేసరికి గొయ్యి మాట వెనక్కి పోయింది.

తూకం

భోజనాల హాలు వెనక, పంపు పక్కన నాలుగు నీలం డ్రమ్ములు ఉండేవి. కంచాల్లో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, టీ పొడి, పేపర్ గ్లాసులు అన్నీ వాటిలోకే. సాయంత్రం పక్క ఊరి నుంచి ఒక గేదెల రైతు ఆటో ట్రాలీ వేసుకొచ్చి కుడితికి పనికొచ్చేది తీసుకుపోయేవాడు. మిగతాది మున్సిపాలిటీ బండికి.

మేము మూడు డ్రమ్ములు విడదీశాం. ఒకటి గుండిగల్లో మిగిలిపోయి పారేసినదానికి, ఒకటి కంచాల్లో మిగిలినదానికి, మూడోది తొక్కలకీ తరుగుకీ. బియ్యం బస్తాలు తూచే కాటా మీదే పూటపూటా తూచి, ఖాళీ డ్రమ్ము బరువు తీసేసి, గోడకి కట్టిన నోటుబుక్కులో రాశాం. వారం సగటు ఇలా వచ్చింది: గుండిగల్లో మిగిలింది రోజుకి 31 కిలోలు, కంచాల్లో మిగిలింది 45 కిలోలు, తొక్కలూ తరుగూ 35 కిలోలు. తొక్కలు పక్కన పెడితే, వండి పారబోసిందే రోజుకి 76 కిలోలు.

వార్డెన్ మేడమ్ ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఈ కాలం పిల్లలకి అన్నం విలువ తెలియదండీ” అన్నారు. హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో ‘అన్నం పరబ్రహ్మ స్వరూపం’ అని రాసి ఉంది. దాని కిందే కంచాలు కడిగే తొట్టి. ఆవిడ బాధ నాకు అర్థమైంది. కానీ పిల్లలకి విలువ తెలియకపోవడం వల్లే ఇదంతా జరుగుతోందంటే, గుండిగలోనే మిగిలిపోయిన 31 కిలోల సంగతేమిటి? అది ఏ పిల్లా ముట్టుకోనిది.

ఇలాంటి చోట్ల ఆగడం చాలా ముఖ్యం అనుకుంటాను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో ఇళ్ళ వాటా 63.1 కోట్ల టన్నులైతే హోటళ్ళు, క్యాంటీన్ల లాంటి చోట్ల పోయింది 29 కోట్ల టన్నులు. ఇంత పెద్ద అంకె వినగానే మనం మనుషుల బుద్ధిని తప్పు పడతాం. వంటింట్లోకి వెళ్ళి చూస్తే బుద్ధి కంటే ముందు కొలత కనిపిస్తుంది.

“చాలకపోతే నన్నే అడుగుతారు”

వంట మాస్టారిది పాతికేళ్ళ అనుభవం. చెయ్యి పెట్టి ఎసరు చూసి చెప్పగలడు. ఒక ఉదయం టీ తాగుతూ అడిగాను.

“మాస్టారూ, మధ్యాహ్నానికి ఎంత బియ్యం పోస్తారు?”

“రెండు బస్తాలు మేడమ్.”

“ఎంతమందికి?”

“ఉన్నవాళ్ళకి.”

బస్తా అంటే 26 కిలోలు. (25 కిలోలు, అంతకు తక్కువ ప్యాకింగ్‌కి 2022 జూలై నుంచి జీఎస్టీ పడటంతో మన దగ్గర చాలామంది వ్యాపారులు 26 కిలోల బస్తాలకి మారారు.) రెండు బస్తాలంటే 52 కిలోలు. కాలేజీ ఉన్న రోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చేది 340 మంది అటూ ఇటూ. తలకి 150 గ్రాములు దాటి బియ్యం పడుతున్నాయి. అమ్మాయిలు ఒక పూటకి తినేది 110 గ్రాముల బియ్యానికి మించడం లేదని తూకంలో తేలింది. శనివారం సగం మంది ఊళ్ళకి వెళ్ళిపోయినా బస్తాలు రెండే. శ్రావణ శుక్రవారం చాలామంది ఉపవాసాలున్నా రెండే. బస్తా విప్పాక సగం ఉంచడం ఆ వంటింట్లో అలవాటు లేదు.

“కొంచెం తగ్గిస్తే?” అన్నాను.

మాస్టారు గ్లాసు కింద పెట్టాడు. కొన్నేళ్ళ కిందట వేరే హాస్టల్‌లో పనిచేసేటప్పుడు ఒక రాత్రి అన్నం చాలలేదట. పిల్లలు కంచాలు మోగిస్తూ మెట్ల మీద కూర్చున్నారు. ఆ రాత్రి ఆయన్ని ఆఫీసుకి పిలిపించి అందరి ముందూ నిలబెట్టారు. “ఆ రోజు నుంచి నేను తక్కువ వండలేదు మేడమ్. పారేస్తే ఎవరూ అడగరు. చాలకపోతే నన్నే అడుగుతారు” అన్నాడు.

ఈ కేసులో నేను విన్న మాటలన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే.

అదే రోజు మెస్ సెక్రటరీగా ఉన్న మూడో సంవత్సరం అమ్మాయితో కూర్చున్నాను. అంత అన్నం ఎందుకు పెట్టించుకుంటారని అడిగితే తడుముకోకుండా చెప్పింది. “మళ్ళీ లైన్‌లో నిలబడితే క్లాస్‌కి లేట్ అవుతుంది మేడమ్. రెండోసారి వెళ్ళేసరికి కూర ఉండదు. అందుకే మొదటే పెట్టించేసుకుంటాం.”

మాస్టారిదీ పిల్లదీ ఒకే భయం, చాలదేమోనని. చాలదేమోనని ఆయన ఎక్కువ వండుతాడు, చాలదేమోనని వీళ్ళు ఎక్కువ పెట్టించుకుంటారు. వీళ్ళు అంతంత పెట్టించుకోవడం చూసి ఆయన ఇంకాస్త వండుతాడు. డివైడింగ్ పద్ధతి దీన్ని ఇంకా దాచేస్తుంది. ఒకమ్మాయి పారేసిన గుప్పెడు అన్నం ఖర్చు 412 ముక్కలై అందరి మీదా పడుతుంది కాబట్టి ఎవరి బిల్లులోనూ కనిపించదు. భయం తీరకుండా గోడ మీద ఎన్ని సూక్తులు రాసినా ఫలితం ఉండదని నాకు అప్పుడే తెలియాల్సింది. కానీ నేను ముందు తప్పు దారి పట్టాను.

నా పొరపాటు

కంచాలు వేసే చోట ఒక చిన్న కాటా, పక్కన నల్లబల్ల పెట్టించాను. ఏ పూట ఎంత పారేశారో బల్ల మీద రాయించాను. ఇద్దరు వాలంటీర్ అమ్మాయిల్ని నిలబెట్టి ఎక్కువ మిగిల్చినవాళ్ళకి నెమ్మదిగా చెప్పమన్నాను. నాలుగు రోజుల్లో కంచాల్లో మిగిలేది 45 నుంచి 27 కిలోలకి పడిపోయింది. నేను సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

ఐదో రోజు కంచాలు తోమే ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. “మేడమ్, పైన బాత్‌రూమ్ డస్ట్‌బిన్‌లో చూశారా?” అంది. వెళ్ళి చూస్తే నల్ల కవర్లలో అన్నం. అది కూడా తూచాను, 8 కిలోలు. అంతకంటే నన్ను బాధపెట్టింది వేరే ఉంది. రాత్రి భోజనానికి వచ్చేవాళ్ళు తగ్గారు. బిస్కెట్లు, కప్పు నూడుల్స్ తిని పడుకుంటున్నారు. ఒకమ్మాయి కడుపులో బాగోలేక అన్నం వదిలేస్తే అందరూ చూస్తుండగా కాటా మీద పెట్టాల్సి వచ్చి, ఆ తర్వాత రెండు రోజులు హాల్లోకే రాలేదు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ వయసు పిల్లల ముందు, అదీ ఆహార నిపుణురాలినై ఉండి, తిండి గురించి సిగ్గుపడేలా ఒక ఏర్పాటు చేశాను. అదే రోజు కాటా తీయించేశాను, బల్ల తుడిపించేశాను. ఆ రాత్రి హాల్లో పిల్లలందరికీ క్షమాపణ చెప్పాను. వృథా తగ్గించే ఏ పనైనా తిండి తగ్గించకూడదన్న షరతు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నది ఆ తర్వాతే.

తెల్లన్నం

కవర్ల సంగతి చెప్పిన ఆవిడే అసలు సంగతీ చూపించింది. మర్నాడు మధ్యాహ్నం తొట్టి దగ్గర ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని, వచ్చిన కంచం వచ్చినట్టు చూశాను. మునక్కాడ పిప్పి, కరివేపాకు, ఎండుమిరపకాయలు, చింతపండు తుక్కు ఉన్నాయి, అవి ఎలాగూ తినేవి కావు. సాంబారు కలిపిన అన్నం అక్కడక్కడా రెండు ముద్దలు. కానీ కంచం తర్వాత కంచంలో, ఒక పక్కగా, ఏదీ కలపని తెల్లన్నం కుప్ప. చెయ్యి కూడా పడలేదు.

ఆవిడ వేలితో ఆ కుప్పని విడదీసి, “ఇది పెరుగు కోసం ఉంచుకున్నది మేడమ్. పెరుగు చాల్లేదు, వదిలేశారు” అంది.

ఆవిడ ఎన్నాళ్ళుగా చూస్తోందో, ఎవరూ అడగలేదు. మన భోజనం ఎలా సాగుతుందో తెలిసిందేగా. ముందు పప్పూ పచ్చడీ, తర్వాత కూర, ఆ తర్వాత సాంబారో చారో, చివరికి పెరుగు. ఇంట్లో అయితే ఒక్కోదానికి ఒక్కోసారి అన్నం పెట్టుకుంటాం. ఇక్కడ లైన్‌లో ఒకేసారి హస్తం (అన్నం వడ్డించే గరిటె) నిండా పడేస్తారు. ఆ హస్తంతో ఒకసారి తీసిన అన్నం తూచితే 350 గ్రాములు. చాలామందికి ఒకటిన్నర పడుతోంది. అందులోంచి నాలుగు విడతలకి పిల్లలే పంచుకోవాలి. చివరికొచ్చేసరికి చిన్న గరిటెడు పెరుగు, అదీ పల్చగా. ఆ పెరుగుకి కలిసేది నాలుగు ముద్దలే. మిగిలింది డ్రమ్ములోకి.

మేము చేసిన మొదటి పెద్ద మార్పు అన్నాన్ని రెండు చోట్ల పెట్టడం. లైన్‌లో చిన్న హస్తం, నిండా తీస్తే 200 గ్రాములు. హాలు రెండో చివర, మంచినీళ్ళ దగ్గర, ఇంకో బల్ల: అన్నం, చారు, పెరుగు. అక్కడ వడ్డించేవాళ్ళు లేరు, లైన్ ఉండదు, ఎవరికి కావలసినంత వాళ్ళే పెట్టుకుంటారు. పెరుగన్నానికి అన్నం అక్కడే పెట్టుకోవచ్చు కాబట్టి మొదట్లోనే మిగల్చాల్సిన పని లేదు. పెరుగు కూడా చిక్కగా తోడు పెట్టించాం.

మొదటి రెండు రోజులు పిల్లలు నమ్మలేదు. లైన్‌లో “ఇంకొంచెం అక్కా, ఇంకొంచెం” అంటూనే ఉన్నారు. అడిగితే కాదనకుండా పెట్టమని వడ్డించే అమ్మాయికి గట్టిగా చెప్పాను. రెండో బల్ల మీద అన్నం రెండింటి దాకా వేడిగా ఉంటుందని చూశాక మూడో రోజు నుంచి అడగడం తగ్గింది.

గేటు దగ్గర ఉన్న లెక్క

వంటింటికి ఎంతమంది తింటారో తెలియదు. కానీ ఆ సంగతి హాస్టల్‌లో ఒకరికి రోజూ తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్‌కి. ఎవరు ఔట్ పాస్ మీద వెళ్ళారు, ఎవరు తిరిగొచ్చారు అన్నీ ఆయన రిజిస్టర్‌లో ఉంటాయి. ఆ రిజిస్టర్ వార్డెన్ గదికి వెళ్తుంది, అక్కడి నుంచి నెలకోసారి బిల్లు లెక్కలకి వెళ్తుంది. ముప్ఫై అడుగుల దూరంలో ఉన్న వంటింటికి మాత్రం రాదు. వరసగా మూడు రోజులు లేకపోతేనే మెస్ కట్ (ఆ రోజుల బిల్లు తగ్గింపు) ఇస్తారు కాబట్టి రెండు రోజులు ఊరెళ్ళే పిల్ల వంటింటికి చెప్పి వెళ్ళడానికి కారణమూ లేదు.

ఇప్పుడు ఆయన ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి లోపల ఎంతమంది ఉన్నారో వంటింటి తలుపు మీది పలక మీద సుద్దతో రాసి వెళ్తాడు. ఉపవాసాలు, మాలధారణలు, పరీక్షలు మెస్ సెక్రటరీ రాస్తుంది. ఇందుకు యాప్ చేయిద్దామని కాలేజీలో ఒకరు సలహా ఇచ్చారు. పలక చాలన్నాను.

అంకె వచ్చాక కొలత కావాలి. బస్తా లెక్క పోవాలి. వంటింట్లోనే ఉన్న ఒక స్టీలు డబ్బాలో నోటి దాకా బియ్యం పోసి తూస్తే కిలో వంద గ్రాములు వచ్చింది. అంటే పదిమందికి ఒక డబ్బా. పలక మీద 340 ఉంటే 34 డబ్బాలు. మాస్టారికి ఇది చాలా నచ్చింది, ఎందుకంటే చేత్తో లెక్కపెట్టుకునే కొలత.

నచ్చడం వేరు, భయం పోవడం వేరు. ఆయనకి కావలసింది ‘తక్కువ పడితే ఏం చేయాలి’ అన్నదానికి జవాబు. దానికి రెండో గుండిగ పెట్టాం. ఇంకో ఐదు డబ్బాల బియ్యం కడిగి నానబెట్టి ఉంచాలి. పక్క పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉండాలి. ఒంటి గంటా పదికి మాస్టారు బయటికొచ్చి లైన్ చూస్తాడు. అవసరమనిపిస్తే నానిన బియ్యం ఎసట్లో పోస్తాడు. నానిన బియ్యం కాబట్టి ఇరవై నిమిషాల్లో అన్నం వస్తుంది. అవసరం లేకపోతే?

“నానిన బియ్యం ఏం చేస్తాం మాస్టారూ?” అని నేనే అడిగాను. ఆయన నవ్వి, “మినప్పప్పు నానబోస్తే రేపు పొద్దున దోసెలు మేడమ్” అన్నాడు.

ఈ కేసులో మంచి ఆలోచన అదే, అది ఆయనది. అన్నం వండేశాక మిగిలితే దారులు తక్కువ. ఎసట్లో పడని బియ్యానికి అన్ని దారులూ ఉంటాయి. ఆ తర్వాత మాస్టారి చేతిలో బిగువు తగ్గింది. తక్కువ వండమని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. చాలకపోతే ఇరవై నిమిషాల్లో అన్నం వస్తుందని ఆయనకి తెలుసు కాబట్టి ఆయనే తగ్గించాడు.

మిగిలినది పంచడం

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇది: మిగిలింది ఏ అనాథాశ్రమానికో ఇవ్వచ్చు కదా? మేమూ ఇచ్చాం. సెప్టెంబరులో ఒక రోజు మధ్యాహ్నం మిగిలిన సాంబారన్నం రెండు క్యాన్లు సాయంత్రం ఐదింటికి పంపాం. చేరేసరికి ఆరున్నర. మూత తీస్తే పులిసిన వాసన. వాళ్ళు ఏమీ అనలేదు, కానీ పారబోసే పని మాత్రం మా తరఫున వాళ్ళు చేశారు. పిల్లలెవరూ తినకముందే చూసుకున్నారు, అదే అదృష్టం.

వండిన అన్నం 60 డిగ్రీల కంటే పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల కంటే చల్లగానైనా ఉండాలి. ఆ రెండింటి మధ్య గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు అన్నం ఉడికే వేడికి చావవు, అది తయారుచేసే ఒక రకం విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో విడిగా నిబంధనలు తెచ్చింది కూడా. మన ఇళ్ళలో చద్దన్నం తినేవాళ్ళం కదా అని అడుగుతారు. చద్దన్నం రాత్రే నీళ్ళో మజ్జిగో పోసి, పులవనిచ్చి, పొద్దున్నే తినేది. మూతపెట్టిన క్యాన్‌లో ఎండలో తిరిగిన సాంబారన్నం వేరు.

అందుకని ఇప్పుడు నియమం ఒకటే. పంచేది ఉంటే ఒంటి గంటా నలభై ఐదుకే తేల్చాలి, గుండిగలో ముట్టని అన్నమే అయి ఉండాలి, అరగంటలో చేరే దూరమే అయి ఉండాలి. మూడింటిలో ఏది కుదరకపోయినా పంపకూడదు. నిజానికి అన్నం తగ్గించి వండడం మొదలయ్యాక పంచాల్సినంత మిగలడమే అరుదైంది. అన్నదానం గొప్పది, గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పటికీ చెప్పుకుంటున్నామంటే అందుకే. కానీ ఆవిడ వచ్చినవాళ్ళ కోసం వండి పెట్టింది. మిగిలింది ఇవ్వడాన్ని ఆ మాటతో పిలవడానికి నాకు మనసొప్పదు.

ఫలితం, ఒక వెనకడుగు

అక్టోబరు చివరి వారంలో మళ్ళీ ఏడు రోజులు తూచాం. గుండిగల్లో మిగిలింది రోజుకి 7 కిలోలు, కంచాల్లో 22 కిలోలు. మొత్తం 76 నుంచి 29కి వచ్చింది. భోజనానికి వచ్చేవాళ్ళ సంఖ్య తగ్గలేదు, రాత్రి పూట కొంచెం పెరిగింది కూడా. ఈ రెండో సంగతి చూశాకే మొదటిదాన్ని నమ్మాను.

ఎసట్లో పడే బియ్యం రోజుకి సుమారు 15 కిలోలు తగ్గాయి. కిలో ధాన్యం పండడానికి సుమారు 2,500 లీటర్ల నీళ్ళు పడతాయని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతుంది. వంద కిలోల వడ్లు ఆడిస్తే 67 కిలోల దాకా బియ్యం వస్తాయి. ఆ లెక్కన 15 కిలోల బియ్యమంటే 22 కిలోల వడ్లు, 55 వేల లీటర్ల నీళ్ళు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు, అదీ ఒక్క రోజుకి, ఒక్క హాస్టల్‌లో. నీళ్ళు నిలబెట్టిన వరిమడి నుంచి మీథేన్ వస్తుంది. పారేసిన అన్నం గాలి తగలని చెత్తకుప్పలో కుళ్ళినా మీథేనే వస్తుంది. వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువు అది. పారేసిన అన్నం రెండుసార్లు ఖర్చు రాస్తుంది.

డబ్బు రోజుకి 750 రూపాయల దాకా మిగిలింది. బిల్లు తగ్గించాలా, తిండి మెరుగుపరచాలా అని మెస్ కమిటీ పిల్లల్ని అడిగింది. తలకి పంచితే నెలకి యాభై నాలుగు రూపాయలు వస్తుంది. ఎక్కువమంది చిక్కటి పప్పు, చిక్కటి పెరుగు కావాలన్నారు. రోజుకి 8 లీటర్ల పాలు, 2 కిలోల కందిపప్పు పెరిగాయి. నాకు ఇదే కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల పళ్ళేనికి ధాన్యాలు 250 గ్రాములే, పప్పులు 85 గ్రాములు. మన హాస్టల్ కంచాల్లో మొదటిది ఎప్పుడూ ఎక్కువ, రెండోది ఎప్పుడూ తక్కువ.

నవంబరులో వెనకడుగు పడింది. మాస్టారు కూతురి పెళ్ళికి పది రోజులు సెలవు పెట్టాడు. ఆయన బదులు వచ్చినాయన పలక చూడలేదు, డబ్బా ముట్టలేదు, రెండు బస్తాలు విప్పాడు. వారంలో వృథా మళ్ళీ రోజుకి 60 కిలోలు దాటిపోయింది. ఆయన తప్పు కాదు. కొత్త చోట, కొత్త పిల్లల ముందు, ఆయన భయం ఆయనది. ఏర్పాటంతా ఒక మనిషి తలలో ఉంచేసి నేను చేతులు దులుపుకున్నాను. మాస్టారు తిరిగొచ్చాక బియ్యం గది తలుపు పక్క గోడ మీద రంగుతో రాయించాం: పదిమందికి ఒక డబ్బా, ఐదు డబ్బాలు నానబెట్టాలి, ఒంటి గంటా పదికి లైన్ చూడాలి. 200 నుంచి 410 దాకా ఎంతమందికి ఎన్ని డబ్బాలో పట్టిక. కింద, “చాలకపోతే రెండో గుండిగ పెట్టండి, ఎవరూ ఏమీ అనరు” అని వార్డెన్ మేడమ్ పేరుతో ఒక మాట. ఆ చివరి వాక్యం రాయించడానికి నేను పట్టుబట్టాను.

పొద్దుటి టిఫిన్‌లో ఉప్మా సమస్య మాత్రం ఇంకా తీరలేదు. ఐదున్నరకి కలిపిన ఉప్మా ఎనిమిదింటికి గడ్డ కడుతుంది, పిల్లలు వదిలేస్తారు. రెండు విడతలుగా కలపడానికి ఆ వేళప్పుడు మనుషులు చాలరు. కంచాల్లో మిగిలే 22 కిలోల్లో పెద్ద వాటా ఇంకా దానిదే.

తొక్కలు, కుడితి

తొక్కలూ తరుగూ 35 కిలోలు పెద్దగా తగ్గలేదు, తగ్గాలని నేను అనుకోలేదు. వారానికోసారి బీరపొట్టు పచ్చడి, సొరకాయ తొక్క పచ్చడి చేయిస్తున్నాం. నాలుగు వందల మందికి బీరపొట్టు వేయించడం తేలిక కాదు, కానీ ఆ రోజు రెండో బల్ల మీద గిన్నె ఖాళీగా తిరిగొస్తుంది. మిగతా తరుగుకి కంపోస్ట్ గొయ్యి తవ్వించాం. తగ్గిన లెక్క ప్రకారం చిన్నదే చాలింది. మొత్తం చెత్త రోజుకి 70 కిలోల లోపే ఉంటోంది కాబట్టి నోటీసు సంగతి కూడా తేలిపోయింది. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకి పది టన్నుల దాకా కూరగాయల చెత్త నుంచి గ్యాస్ తీసి కరెంటు చేస్తున్నారు కదా, మనమూ ప్లాంట్ పెడదామా అని కాలేజీ వాళ్ళు అడిగారు. అక్కడ టన్నుల్లో ఉన్నది ఇక్కడ కిలోల్లో ఉందని చెప్పాను.

గేదెల రైతు మాత్రం వచ్చి అడిగాడు, “ఏంటి మేడమ్, కుడితి తగ్గిపోయింది?” అని. అన్నం ఎక్కువైతే గేదె కడుపులో ఆమ్లం పెరిగి మేత మానేస్తుందని, కడుపుబ్బరం వస్తుందని ఆయనకీ తెలుసు. వర్షాకాలంలో ఒక గేదె అలాగే రెండు రోజులు లేవలేదట. ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, క్యాబేజీ ఆకులు, అరటి తొక్కలు విడిగా ఒక డ్రమ్ములో ఇస్తున్నాం. అన్నం అందులో రెండు మూడు గిన్నెలకి మించదు.

డిసెంబరులో చివరిసారి వెళ్ళినప్పుడు పలక మీద 318 ఉంది. మాస్టారు 32 డబ్బాలు పోశాడు, ఐదు నానబెట్టాడు. ఒంటి గంటా పదికి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, లైన్ వంక చూసి, రెండో బల్ల మీది అన్నం గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళాడు. పొయ్యి కట్టేశాడు. నానిన బియ్యం గిన్నె మీద తడిగుడ్డ కప్పి, గ్రైండర్ పక్కన పెట్టి, హెల్పర్ కుర్రాడితో మినప్పప్పు నానబోయమన్నాడు.